రంగు పడని రెక్క

"పెదాలు చూపించు," అన్నాడు డిటెక్టివ్ హెల్విగ్.

బట్టల దుకాణం గుమ్మంలో ఉన్న పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. వేసిన పాపానికి ఆమె వీపుకున్న రెక్కలు తలుపు చట్రానికి తగులుకుని పర్రున చిరిగాయి. ఆ దుకాణం యజమాని ఈ సీజను అమ్మకాల కోసం సీతాకోకచిలుక బొమ్మ కార్డులు వేలకొద్దీ అచ్చు వేయించాడు. వాటిని ఊరికే పంచితే ఎవరు చూస్తారని, డీలియా రోర్క్ అనే ఈ పందొమ్మిదేళ్ళ ఐరిష్ పిల్లకి జాలీగుడ్డ రెక్కలు కట్టించి గుమ్మంలో నిలబెట్టాడు. వచ్చేపోయే వాళ్ళకి ఓ నవ్వూ, ఓ కార్డూ ఇవ్వడం ఆమె ఉద్యోగం.

ఇప్పుడు నవ్వు లేదు, కార్డులు నేల మీద పడి ఉన్నాయి. లోపల గజంబద్ద పట్టుకున్న గుమాస్తాలు, రిబ్బన్లు బేరమాడుతున్న ఆడవాళ్ళు చేతిలో పని ఆపి మరీ చూస్తున్నారు.

"గేలార్డ్ నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసండి. ఆత్మలతో మాట్లాడిస్తాడే, ఆయనే కదా. ఇక్కడికి వస్తుండేవాడు."

"ఎందుకూ? రిబ్బన్లు కొనుక్కోడానికా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. డీలియా ముఖం ఎర్రబడింది. "కాదండి. నల్లబట్టలేసుకున్న ఆడవాళ్ళు వస్తే ఏ కార్డు ఏరుకుంటున్నారో చూసి చెప్పమనేవాడు. నేనేమో..."

"నేనేమో, నువ్వేమో! నిన్న సాయంత్రం ఆయన తల పగిలి మెట్ల కింద చచ్చి పడున్నాడు. చేతిలో ఏముందో తెలుసా? సీతాకోకచిలుక కార్డు. దాని రెక్క మీద ఎర్రటి పెదాల రంగు. ముద్దు పెట్టి ఇచ్చావా, ఇచ్చాక ముద్దు పెట్టావా?"

"అయ్యో దేవుడా! నేను రంగు వెయ్యనండీ, వేస్తే మా అమ్మ చంపేస్తుంది. అసలది మా కార్డేనా? మా కార్డు మీద కింద మా దుకాణం పేరుంటుందండీ. ఇదిగో, ఒక్కసారి చూడండి సార్..."

ఆమె వంగి నేల మీది కార్డొకటి తీసి ముఖం ముందు పెట్టింది. హెల్విగ్ చూడలేదు. "నాకు పాఠాలు చెప్పకు," అని జేబులోంచి తెల్లటి చేతిరుమాలు తీశాడు. ఎడమచేత్తో ఆమె గడ్డం గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో పెదాలు తుడిచాడు, అంట్ల గిన్నె తోమినట్టు. రుమాలు ఎర్రబడింది. దాన్ని పైకెత్తి దుకాణమంతా చూసేలా పట్టుకున్నాడు.

"బిళ్ళండీ," అంది డీలియా. కన్నీళ్ళు కారుతున్నాయి గానీ చెప్పడం మానలేదు. "ఎర్ర బిళ్ళ చప్పరిస్తున్నాను. గాలికి గొంతు ఎండిపోతుందని..."

ఆ మాట వినే ఓపిక అక్కడెవరికీ లేదు. నిప్పు లేనిదే పొగ రాదనుకోవడం అందరికీ హాయిగా ఉంటుంది. యజమాని కౌంటర్ వెనకనుంచి వచ్చి, "ఆ రెక్కలు ఇక్కడ విప్పేసి వెళ్ళు. అవి దుకాణానివి. రేపట్నించి రానక్కర్లేదు," అన్నాడు.

ముడి బిగిసిపోయి ఊడి రాలేదు. రిబ్బన్లు కొనడానికొచ్చిన ఒక ఆవిడ కత్తెరతో ఆ తాళ్ళు కత్తిరించింది. పోలీసు కానిస్టేబుల్ పిల్లని వీధిలోంచి నడిపించుకుంటూ తీసుకుపోయాడు.

ఇంత తొందరెందుకంటే, డిటెక్టివ్ శాఖలో పెద్ద కుర్చీ ఖాళీ అయింది. దానికి పోటీలో ఇద్దరే మనుషులు: గుస్తావ్ హెల్విగ్, ఆంబ్రోస్ కెట్రిడ్జ్. నిన్న శవం దగ్గరికి ముందు చేరినవాడు కెట్రిడ్జ్. కార్డు తీసుకున్నవాడూ అతనే. ఇవాళ మధ్యాహ్నం స్టేషన్లో దాన్ని వేళ్ళ మధ్య ఇలా ఆడించి, అలా జేబులో వేసుకుని, "సీతాకోకచిలుకంటే ఏంటయ్యా? పువ్వు పువ్వుకీ ఎగిరే పిల్ల. రెక్క మీద పెదాల రంగు. ఇక చెప్పాలా?" అని అందరికీ వినపడేలా అన్నాడు. అతను కాఫీ తాగి బయల్దేరేలోపు హెల్విగ్ దుకాణానికి పరిగెత్తాడు. ఎదుటివాడి ఊహని తన ఊహ చేసుకుని, వాడికన్నా ముందు పిల్లని పట్టుకున్నాడు. ఆ కార్డుని మాత్రం తన కళ్ళతో తిన్నగా చూడనేలేదు.

*

గేలార్డ్ అద్దెకున్న బోర్డింగ్ హౌస్ యజమానురాలు మిసెస్ ప్రూయెట్, మాటకి మాట అప్పుంచుకోని మనిషి. హెల్విగ్ వెళ్ళేసరికి మోచేతుల దాకా పిండి అంటుకుని ఉంది. చేతులు కడుక్కోకుండానే జవాబులు చెప్పింది.

"నిన్న ఆయన దగ్గరికి ఆడమనిషి వచ్చిందటగా?"

"వచ్చింది. ప్రతి మంగళవారం వస్తూనే ఉంది. నల్ల ముసుగు వేసుకుని. ఎవరని నేనడగను. అద్దెకున్నవాళ్ళ సంగతులు అడగకపోవడం వల్లే నా గదులు ఖాళీగా ఉండవు."

"వయసు?"

"ముసుక్కి వయసేంటండీ? కానీ నడక చూస్తే చిన్నపిల్ల కాదు. మెట్టుకోసారి ఆగి ఎక్కేది. ఎక్కాలా వద్దా అన్నట్టు."

"దుకాణం గుమ్మంలో రెక్కలు కట్టుకుని నిలబడుతుందే, డీలియా, ఆ పిల్ల ఎప్పుడైనా వచ్చిందా?"

"ఆ పిల్లా? పాపం దాన్ని ఆరింటిదాకా అక్కడే నిలబెడతారు కదా. నిన్న ఆరు కొడుతుంటే నేను మాంసం కొట్టునుంచి ఆ గుమ్మం ముందే వచ్చాను. నాకో కార్డు కూడా ఇచ్చింది. ఇంటికొచ్చి వెనక తలుపు తీస్తే ఈయన ఇక్కడ పడి, చల్లబడి ఉన్నాడు."

హెల్విగ్ లెక్క వేసుకున్నాడు. చల్లబడ్డాడంటే ఎంత లేదన్నా గంట. ఆ గంటా డీలియా గుమ్మంలో నిలబడి ఊరందరికీ కార్డులు పంచుతూనే ఉంది. ఈ ఒక్క ప్రశ్న మధ్యాహ్నమే అడిగి ఉంటే సరిపోయేది.

"ఈ సంగతి కెట్రిడ్జ్‌కి చెప్పారా?"

"ఆయన అడగలేదు. పెదాలకి రంగేసుకునేవాళ్ళు ఎవరైనా వస్తారా అని మాత్రం అడిగాడు. రారన్నాను. నవ్వాడు."

హెల్విగ్ వెనక మెట్లు ఎక్కాడు. పై మెట్టు దగ్గర గేలార్డ్ చెప్పు ఒకటి ఇంకా అలాగే ఉంది, మడమ మెట్లవైపు, మునివేళ్ళు గదివైపు. అంటే మెట్లకి వీపు పెట్టి నిలబడ్డాడు. గోడకున్న గ్యాసు దీపం గొట్టం పక్కకి వంగి ఉంది. అది హెల్విగ్ తల కన్నా ఎత్తులో ఉంది. తాను చెయ్యి పూర్తిగా చాపితే తప్ప అందలేదు. ఎవరో తోస్తే మనిషి చేతులు ముందుకో, పక్కకో పోతాయి. పైకి లేవవు. గేలార్డ్ ముందే చెయ్యి పైకెత్తి ఉన్నాడు. ఏదో అందకుండా ఎత్తి పట్టుకున్నాడు. పడుతూ దీపాన్ని తగిలించాడు.

గదిలో నల్ల తెర, దాని వెనక మనిషి పట్టేంత చెక్క బీరువా. ఆత్మలు వచ్చేది అందులోంచేనట. తాళం చెవి గేలార్డ్ చొక్కా జేబులోనే దొరికింది కనుక హెల్విగ్ బీరువా తెరిచాడు.

లోపల ఆత్మలు లేవు. ఒక చిన్న బూటు ఉంది. ఒక చేతికి మాత్రమే ఉన్ని తొడుగు, ఒక బొంగరం, పళ్ళు ఊడిన దువ్వెన, పలక ముక్క. వాటి పక్కన ఒక సిగార్ పెట్టె నిండా బొమ్మ కార్డులు. సబ్బు కొన్నా, దారం కొన్నా దుకాణాలవాళ్ళు చేతిలో పెట్టే రంగుల కార్డులే. కానీ ఒక్కో కార్డు వెనకా ఎండిపోయిన పిండి లై, దానికి అంటుకుని చిరిగిన కాగితం, పిల్లలు కార్డులు అంటించుకునే ఆల్బమ్‌ది. పది కార్డుల్లో ఎనిమిదింటి మీద సీతాకోకచిలుకలు.

గుమ్మంలో మిసెస్ ప్రూయెట్ ముక్కు చీదుకుంటోంది.

"ఇవన్నీ ఇక్కడ పెట్టాడా! బిడ్డ చెయ్యి తగిలిన వస్తువేదైనా తెమ్మనేవాడండీ. ఆ చేతి ఆనవాలు పట్టుకుని బిడ్డ వస్తుందట."

"తిరిగిచ్చేవాడు కాదా?"

"ఇచ్చేస్తే మళ్ళీ ఎందుకొస్తారు?"

"ఈ సీతాకోకచిలుకలేంటి ఇన్ని?"

ఆవిడ అతన్ని విచిత్రంగా చూసింది. "బిడ్డ పోతే ఆ బిడ్డ ఆల్బమ్‌లో ఆఖరి పేజీకి సీతాకోకచిలుకని అంటిస్తాం. గూడు ఇక్కడ వదిలేసి అది ఎగిరిపోయిందని. అందుకే బిడ్డ పోయి నల్లబట్టలేసుకున్నావిడ దుకాణంలో కార్డులు ఏరుతుంటే చూడాలి, పిల్లులూ కుక్కపిల్లలూ అన్నీ పక్కన పెట్టేస్తుంది. మగాళ్ళకి తెలీదులెండి. ఇంక ఆ ఆల్బమ్ మూసి లోపల పెట్టు అంటారు, అంతే."

ఈ మాట హెల్విగ్‌కి తగలాల్సిన చోటే తగిలింది. కానీ అతను తన సంగతి పక్కన పెట్టి కేసు సంగతి ఆలోచించాడు. అది అతనికి బాగా అలవాటైన పని. నల్లబట్టలవాళ్ళు ఏ కార్డు ఏరుకుంటారో గేలార్డ్ అడిగేవాడని డీలియా చెప్పబోయింది. ఏ ఇంట్లో బిడ్డ పోయిందో ఆ దొంగ వెధవకి అలా తెలిసేది. ఆ పిల్ల తెలియక చెప్పింది. తెలిసిన సంగతి పోలీసుకి చెప్పబోతే ఆ పోలీసే నోరు నొక్కేశాడు.

నుదురు తుడుచుకుందామని రుమాలు తీశాడు. దాల్చినచెక్క వాసన వచ్చింది. ఎర్రటి మరక ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ వాసన చూశాడు. పెదాల రంగుకి ఈ వాసన ఉండదు. మిఠాయి కొట్టులో పిల్లలు కొనుక్కునే బిళ్ళ వాసన అది. హెల్విగ్‌కి తల కొట్టేసినట్టయింది. తన చేతిలో ఆ గడ్డం వణికిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు అది దొరికిపోయిన దొంగ వణుకనుకుని సంతోషపడ్డాడు.

"ఏమోయ్ హెల్విగ్!" మెట్ల మీదనుంచే వినిపించింది కెట్రిడ్జ్ గొంతు. "నేను వెన్న రాసుకునేలోపే నా రొట్టె తినేశావటగా! ఊరంతా అదే మాట. రుమాలు జెండాలా ఎగరేశావట."

పంటిపుల్ల నములుతూ లోపలికొచ్చి, గది మధ్యలో ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ పిల్ల కాదు," అన్నాడు హెల్విగ్.

"నువ్వు పట్టుకున్న పిల్లేగా?"

"నువ్వు చెప్పిన పిల్ల."

"నేను చెప్పింది నీకా? నేను గోడకి చెప్పుకున్నాను. నువ్వు విన్నావు." కెట్రిడ్జ్ పుల్ల ఇటునుంచి అటు మార్చాడు. "అయినా ఇప్పుడు కాదంటే ఎలా? సాయంత్రం పత్రికవాళ్ళు స్టేషన్లో కూర్చుని పిల్ల పేరు రాసుకుంటున్నారు. స్పెల్లింగు కూడా నేనే చెప్పొచ్చాను."

"ఆ కార్డు ఇలా ఇవ్వు."

"దేనికి?"

"భయమా?"

ఈ ఒక్క మాటకి కెట్రిడ్జ్ ఎప్పుడూ ఆగలేడు. పాకెట్‌బుక్ తెరిచి కార్డు విసిరాడు. హెల్విగ్ బల్ల మీది కిరోసిన్ దీపం వెలిగించి, ముందు రెక్క మీది ఎరుపుని గోటితో గీరాడు. గోటికి సన్నటి చుట్ట వచ్చింది. దాన్ని దీపం చిమ్నీకి ఆనించగానే కరిగి మెరిసింది.

"చూడు. ఆడవాళ్ళు పెదాలకి అద్దుకునే రంగు పొడి, కరగదు. ఇది మైనం. అచ్చాఫీసుల్లో తప్పు కాగితాల మీద కొట్టేసే ఎర్ర పెన్సిలు."

కెట్రిడ్జ్ పంటిపుల్ల తీసేశాడు. అతని ముఖం వాడిపోవడం చూసి హెల్విగ్‌కి పొద్దుటినుంచి మొదటిసారి ప్రాణం లేచొచ్చింది. సిగ్గు కాస్త వెనక్కి తగ్గింది. భూతద్దం తీసి కార్డు మీదికి వంగి, బడిపంతులులా మొదలుపెట్టాడు.

"కింద చూడు. దుకాణం పేరు వెయ్యడానికి వదిలిన జాగా ఖాళీగానే ఉంది. అంటే ఇది ఏ దుకాణానికీ పోలేదు. ఆ పిల్ల మొత్తుకున్నదీ అదే. రంగు చూడు. పసుపు పడింది, నీలం పడింది, నల్లగీత పడింది. ఎరుపు లేదు. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు రాయి కదా, ఎరుపు రాయి దాకా పోకుండానే కాగితం పక్కన పడేశారు. ఇలాంటి తప్పు అచ్చులు ఎవరూ అమ్మరు. అచ్చాఫీసువాళ్ళు జేబులో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోతారు, పిల్లల కోసం. వెనక లై ఉంది, అంటే ఆల్బమ్‌లోంచి చింపారు. అచ్చాఫీసు మనిషి ఇంటి పిల్ల, కెట్రిడ్జ్. చచ్చిపోయిన పిల్ల. పడని ఎరుపు ఆ పిల్లే వేసుకుంది. ఈ కార్డు తెచ్చిన తల్లిని పట్టుకో, నిన్న మెట్ల మీద ఉన్నది ఆవిడే!"

ఇదంతా నోరు చెప్పుకుపోతోంది. కన్ను భూతద్దంలోంచి రెక్క మీద నడుస్తోంది. ఎర్ర గీతలు పక్కపక్కనే, గట్టిగా నొక్కి వేసినవి. అన్నీ ఎడమ పైనుంచి కుడి కిందికి వాలి ఉన్నాయి. కుడిచేతి వాళ్ళ గీతలు అటు వాలవు. ఒక రెక్క అంచుదాకా నిండింది. రెండో రెక్క ఖాళీ.

మిన్నాది ఎడమచెయ్యి. బడిలో ఆ చేతిని బల్లకి కట్టేసేవారు. ఇంటికొచ్చి ఆ చేత్తోనే, వంటింటి బల్ల దగ్గర నాలుక బయటపెట్టి, మామయ్య ఇచ్చిన ఎర్ర పెన్సిలుతో రంగు వేసేది. "ఇంకో రెక్క రేపు వేస్తా నాన్నా," అంది. మర్నాడు గొంతు వాచింది. నాలుగో నాటికి పిల్ల లేదు. ఇది జరిగి రెండు చలికాలాలైంది. ఆ ఆల్బమ్ మూసి లోపల పెట్టమన్నాడు హెల్విగ్. ఇంట్లో ఆ పేరు ఎత్తొద్దన్నాడు.

"ఏంటి ఆగిపోయావు? బాగా చెప్తున్నావు, కానీ," అన్నాడు కెట్రిడ్జ్.

హెల్విగ్ భూతద్దం బల్ల మీద పెట్టేశాడు. కెట్రిడ్జ్ లేచి అతని వేళ్ళ మధ్యనుంచి కార్డు తీసుకున్నాడు. దీపం దగ్గర పెట్టి, ఇప్పుడే నేర్చుకున్న పాఠం ప్రకారం పైనుంచి కింద దాకా చూశాడు.

"ఒప్పుకుంటున్నానోయ్. బుర్ర నీదే. కానీ తల్లిని మాత్రం నేనే తెస్తాను. ఈ సీతాకోకచిలుకలు అచ్చేసింది కాలువ పక్కనున్న అచ్చాఫీసేగా. పని ముగిసే గంట కొట్టేలోపు వెళ్తే, తప్పు కాగితాల మీద ఎర్ర పెన్సిలు పెట్టేది ఎవరో, వాళ్ళింట్లో ఏ పిల్ల పోయిందో ఎవర్నడిగినా చెప్తారు."

అక్కడ ఆ పెన్సిలు పట్టుకునే ఫోర్‌మన్ పేరు ఆంటన్. హెల్విగ్ భార్య ఒటీలీకి అన్న. ఆ మాట ఇప్పుడు చెప్పొచ్చు. చెప్పడానికి ఒక్క క్షణం చాలు. హెల్విగ్ దీపం వత్తి తగ్గిస్తూ నిలబడ్డాడు. కెట్రిడ్జ్ మెట్లు దిగిపోయాడు.

*

వీధి చివర ఎడమవైపు తిరిగితే స్టేషన్, డీలియా ఉన్నది అక్కడ. కుడివైపు ఇల్లు. హెల్విగ్ కుడివైపు తిరిగాడు.

ఒటీలీ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. టోపీ బల్ల మీదే ఉంది, దాని పక్కన చేతి తొడుగులు. అతను తలుపు వేసి, దానికి వీపు ఆనించాడు.

"ఒటీలీ, మంగళవారాలు నువ్వు వెళ్ళేది చర్చి కుట్టుసంఘానికేనా?"

ఆమె చాకు కింద పెట్టింది. "ఇన్నాళ్ళకి అడిగావు."

"ఆ దొంగ వెధవ దగ్గరికి నువ్వెలా వెళ్ళావు?"

"దొంగని నాకు తెలీదా గుస్తావ్? మొదటి రోజే తెలిసింది. తెర వెనకనుంచి సన్నగొంతు పెట్టి, 'అమ్మా, నాకిక్కడ హాయిగా ఉంది' అన్నాడు. ఇంగ్లీషులో. మిన్నా నాతో ఏనాడైనా మన జర్మన్‌లో తప్ప ఇంగ్లీషులో మాట్లాడిందా?"

"మరి తెలిసీ?"

"ముందు పేరు పెట్టి పిలిచేవాడు. మిన్నా, మిన్నా అని మూడుసార్లు. ఈ ఇంట్లో ఎవరూ పిలవరు కదా. అది వినడానికి వెళ్ళాను." ఆమె చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. "తరవాత సిగ్గేసింది. నిన్న ఇంక రానన్నాను, నా కార్డు నాకిచ్చెయ్యమన్నాను. మెట్ల దాకా నన్ను సాగనంపుతున్నట్టు వచ్చి, కార్డు తీసి పైకెత్తి పట్టుకున్నాడు. 'డిటెక్టివ్ గారి భార్య ఎంత ఎత్తు ఎగురుతుందో చూద్దాం' అన్నాడు. ఎగిరాను గుస్తావ్. ఈ వయసులో, కుక్కపిల్లలాగా ఎగిరాను. నవ్వుతూ వెనక్కి ఒక అడుగు వేశాడు."

"నువ్వు తొయ్యలేదు!" హెల్విగ్ తలుపు వదిలి ముందుకొచ్చాడు. "చెప్పుని చూశాను, దీపం వంగడం చూశాను. నువ్వు తొయ్యలేదని నేను రుజువు చెయ్యగలను."

"మొత్తం విను. కింద పడ్డాక వాడు బతికే ఉన్నాడు. కళ్ళు తెరిచి, 'అమ్మా, ఎవరినైనా పిలవండి' అన్నాడు. ఆ మాట ఇంగ్లీషులోనే అన్నా సొంత గొంతుతో అన్నాడు. నేను గౌను అంచు ఎత్తి పట్టుకుని, వాణ్ణి దాటుకుని వచ్చేశాను. కార్డు కూడా తీసుకోలేదు. వచ్చి నీకు సూప్ వేడి చేశాను."

నిన్నటి సూప్ హెల్విగ్‌కి గుర్తుంది. ఉప్పు తక్కువైందన్నాడు. ఆమె ముఖం చూడలేదు.

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. మాటలు తొందరగా వచ్చాయి. "ఎవరూ చూడలేదు కదా. ముసుగుంది. ఆంటన్‌ని నేను చూసుకుంటాను, అలాంటి కాగితాలు పదిమంది పట్టుకెళ్తారని చెప్తే సరి. ఆ పిల్లని ఎలాగూ వదిలేస్తారు, రుజువు లేదు. నాలుగు రోజులు, మహా అయితే వారం..."

"ఆ పిల్ల పెదాలు తుడిచింది నువ్వేనా?"

హెల్విగ్ బల్ల అంచు వదిలేశాడు.

"పక్కింటావిడ రిబ్బన్లు కొనడానికి వెళ్ళిందట. ఎవరో డిటెక్టివ్ అంట, పిల్ల గడ్డం పట్టుకుని, అందరి ముందూ, అంది. పేరు చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. నా ముఖం కేసి చూసి వెళ్ళిపోయింది. నువ్వేనా?"

"నేనే."

ఒటీలీ అతన్ని చూసింది. కోపంగా చూసినా అతను భరించేవాడు. తన కొడుకు బడిలో పట్టుబడితే తల్లి చూసినట్టు చూసింది.

"నాలుగు రోజులు ఆ పిల్ల పేరు పత్రికలో పడితే ఆ తరవాత దానికి ఎవరు పనిస్తారు? వాళ్ళమ్మ వీధిలోకి ఎలా వస్తుంది? నేను వాణ్ణి మెట్ల కింద దాటొచ్చాను, నిజమే. ఇప్పుడు ఈ పిల్లని కూడా దాటి రమ్మంటావా?"

ఆమె ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించింది. టోపీ పెట్టుకుని, ముసుగు వెనక్కి మడిచి పిన్ను గుచ్చింది. తొడుగులు వేసుకోబోతుండగా వీధి తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి, నెమ్మదిగా, మర్యాదగా. ఆ కొట్టడం హెల్విగ్‌కి తెలుసు. లోపలివాళ్ళు దొరికిపోయారని ఖాయమైనప్పుడు కెట్రిడ్జ్ అలా కొడతాడు.

ఒటీలీ ముందు నడిచింది. హెల్విగ్ ఆమె వెనకే నడవాలోకి వచ్చాడు. ఏం చెప్పాలో అతనికి తెలుసు: కార్డు నా కూతురిది, ఈవిడ నా భార్య, ఆ పిల్లని పట్టుకున్నది నేను. మూడు మాటలు. ఆమె గొళ్ళెం తీసిన చప్పుడు వినగానే కాళ్ళు వాటంతట అవే గోడవైపు జరిగాయి. తెరుచుకున్న తలుపు అతన్ని కప్పేసింది.

"మిసెస్ హెల్విగ్..." కెట్రిడ్జ్ గొంతులో వెటకారం లేదు. టోపీ తీసిన చప్పుడు కూడా వినిపించింది. "ఆంటన్ చెప్పాడమ్మా. చెప్పాల్సొచ్చి ఏడ్చాడు. మిమ్మల్ని అడగాలంటే నాకే సిగ్గుగా ఉంది."

"మీకెందుకు సిగ్గు? నేనే వస్తున్నాను, పదండి. ముందు ఆ పిల్లని ఇంటికి పంపండి. తరవాత నేను చెప్పింది రాసుకోండి."

"తప్పకుండా." ఒక్క క్షణం ఆగాడు. "హెల్విగ్ ఇంట్లో ఉన్నాడా? అతనితో ఒక్కమాట చెప్పి తీసుకెళ్ళడం న్యాయం."

తలుపు అంచుకి ఇవతల ఒటీలీ చెయ్యి కనిపిస్తోంది. ఆ వేళ్ళు పిడిని పట్టుకుని కదలకుండా ఉన్నాయి. ఆమె ఎదురుచూస్తోందని హెల్విగ్‌కి తెలిసింది. ఒక్క అడుగు పక్కకి వేస్తే చాలు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"లేరండీ," అంది ఒటీలీ. "ఇంకా ఇంటికి రాలేదు."

తలుపు మెల్లగా మూసుకుంది. ఇద్దరు మనుషుల అడుగులు గుమ్మం మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాయి. నడవా చీకటిగా ఉంది. హెల్విగ్ గోడకి ఆనుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.